గోడౌన్ వస్తే సరే... లారీ ఏ దారిన వస్తుంది?

ఊరి చివర రోడ్డు వార పదెకరాలు చదును చేశారు. చుట్టూ రాళ్లు పాతారు. గోడౌన్ వస్తోందని కబురు. ఇంకేముంది, రచ్చబండ దగ్గర రెండు జట్లు. "మంచిదేగా, పిల్లలకు పని దొరుకుద్ది, మన సరుకూ పెట్టుకోవచ్చు" అని ఒకరు. "మనకు దుమ్ము తప్ప ఏమీ రాదు" అని ఇంకొకరు. ఎన్ని టన్నుల గోడౌనో, అద్దె ఎంతో, ఎవరి పొలం ఎంతకు పోయిందో అన్నీ మాట్లాడుకుంటారు. ఆ సరుకు ఏ దారిన వచ్చి ఏ దారిన పోతుందో మాత్రం అడిగేవాళ్లు తక్కువ. అడగాలని తోచేసరికి కల్వర్టు కుంగి ఉంటుంది.

గుంటూరు, పల్నాడు రైతులకు ఇది వివరించి చెప్పాల్సిన సంగతి కాదు. మిర్చి కోతలు ముమ్మరమయ్యాక యార్డుకు రోజుకు లక్ష టిక్కీలు దాటి వచ్చే రోజులుంటాయి. టిక్కీ 45 కిలోలు అనుకున్నా అది 4,500 టన్నులు. పది టన్నుల లారీల్లో వేస్తే 450 లారీల సరుకు. వచ్చినవి తిరిగి పోవాలి కాబట్టి రోడ్డు మీద 900 సార్లు తిరిగినట్టు. మాచర్ల, సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే బండ్లూ, నరసరావుపేట వైపు నుంచి వచ్చే బండ్లూ పేరేచర్ల దగ్గర కలిసి గుంటూరు దారి పడతాయి. యార్డు గుంటూరులో ఉంటే దాని బరువు అన్ని కిలోమీటర్ల అవతల కూడలి మీద పడుతుందన్నమాట. గోడౌన్ అయినా అంతే. గేటు ముందు రోడ్డు ఎంత వెడల్పుందో చూసి ఊరుకుంటే సగమే చూసినట్టు.

ఈ బరువు ముందుగా తగిలేది ఎకరం, రెండెకరాల రైతుకే. అతనికి సొంత ట్రాక్టరు ఉండదు, ట్రిప్పు లెక్కన కిరాయికి మాట్లాడుకుంటాడు. రోజుకు నాలుగు ట్రిప్పులు తిరిగే ట్రాక్టరు లారీల వెనక ఆగి ఆగి మూడే తిరిగితే, ఆ పోయిన ట్రిప్పు డబ్బులు ట్రాక్టరు యజమాని తన జేబులోంచి పెట్టుకోడు. మరుసటి ఏడు కిరాయి పెంచుతాడు. తెల్లవారుజామున కూలీల ఆటో, సాయంత్రం గేదెల మంద, రోడ్డు పక్క కల్లంలో ఆరబోసిన కాయ, ఇవన్నీ ఆ రోడ్డు మీదే, ఆ రోడ్డు వారే. ఆరుతున్న కాయ మీద రోజంతా దుమ్ము పడితే యార్డులో రంగు చూసే వ్యాపారి ఏ ధర చెబుతాడో రైతుకు తెలుసు.

టన్నులు కాదు, తిరుగుళ్లు అడగండి

"ఇది 5,000 టన్నుల గోడౌన్" అని చెబితే ఆ మాటతో రోడ్డు సంగతి ఏమీ తెలియదు. సరుకు ఏడాదికి ఎన్నిసార్లు మారుతుందన్నది అసలు ప్రశ్న.

ధాన్యమో, అపరాలో పెట్టే గోడౌన్ ఏడాదికి ఒకసారి నిండి ఒకసారి ఖాళీ అవుతుందనుకుందాం. 5,000 టన్నులు రావడానికి పది టన్నుల లారీలు 500, పోవడానికి మరో 500. ఒక్కో లారీ రాకా పోకా కలిపి రెండుసార్లు రోడ్డెక్కుతుంది. మొత్తం ఏడాదికి 2,000 సార్లు. సగటున రోజుకు ఆరు కూడా కావు. అదే 5,000 టన్నుల షెడ్డును సబ్బులు, బిస్కెట్లు, పార్సిళ్లు పంచే కంపెనీ అద్దెకు తీసుకుంటే? అక్కడ సరుకు పదిహేను రోజులకోసారి మారిందనుకున్నా ఏడాదికి 24 సార్లు నిండి ఖాళీ అవుతుంది. 48,000 తిరుగుళ్లు. రోజుకు 131. షెడ్డు అదే, రేకులు అవే, రోడ్డుకు మాత్రం ఇరవై నాలుగు రెట్లు పని.

కాబట్టి ప్లాను మీద "గోడౌన్" అని ఒక్క మాట రాసి ఉంటే దాంతో తృప్తి పడకూడదు. ఏం సరుకు, ఎన్ని రోజులకు మారుతుంది, ఏ సైజు లారీలు, రాత్రిపూట తిరుగుతాయా పగలా, పని చేసేవాళ్లు ఎంతమంది, వాళ్లు ఎక్కడి నుంచి వస్తారు, ఇవి కాగితం మీద రావాలి. ఇవాళ ధాన్యానికని కట్టి, రేపు పార్సిళ్లకు అద్దెకిస్తే మళ్లీ పంచాయతీకి చెప్పాలన్న షరతు కూడా అప్పుడే పెట్టించుకోవాలి. ఇది చాలామందికి తట్టని సంగతి.

ఏసీల సంగతి ఇంకొక రకం. మిర్చి కోల్డ్ స్టోరేజీకి ఏడాది మొత్తం లెక్క చూస్తే బండ్లు ఎక్కువేం కావు. లక్ష టిక్కీల ఏసీ 60 రోజుల్లో నిండితే రోజుకు 75 టన్నులు, అంటే ఏడెనిమిది లారీలు. కాగితం మీద ఇది చాలా చిన్న అంకె. కానీ రైతు సరుకు సగటు చూసుకుని రాదు. ధర బాగుంటే యార్డుకు పోతుంది, ధర పడితే అందరూ ఒకేసారి ఏసీల వైపు తిరుగుతారు. 2025 మొదట్లో మిర్చి ధర దిగజారి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలుగా ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది ఏసీ దారిలో రోజుకు ఎనిమిది లారీలే ఉంటాయని ఎవరైనా చెబితే నమ్మే రైతు ఉండడు. అందుకే సగటు చెబితే ఒప్పుకోకుండా, అన్నిటికంటే రద్దీగా ఉండే రోజున ఎన్ని వస్తాయో చెప్పమనాలి.

రోడ్డుకు రెండు కొలతలు

ఇంజినీర్లు రోడ్డును రెండు రకాలుగా కొలుస్తారు. ఒకటి చోటు, రెండోది బరువు. ఈ రెండూ కలిపేస్తే తికమక అవుతుంది. విడివిడిగా చూద్దాం.

చోటు లెక్కలో ప్రతి బండినీ కార్ల కింద మారుస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో తెచ్చిన ఐఆర్‌సీ-64 ప్రకారం పల్లె రోడ్డు మీద మోటారు సైకిలు అరకారు, ఆటో ఒక కారు, లారీ గానీ బస్సు గానీ మూడు కార్లు, ట్రక్కు తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర కార్లు. ఎడ్లబండి ఏకంగా ఎనిమిది కార్లు! నెమ్మదిగా పోతూ వెనక వాళ్లను ఎంతసేపు ఆపుతుందో చూసి వేసిన లెక్క ఇది. మైదాన ప్రాంతంలో 3.75 మీటర్ల సింగిల్ తారు రోడ్డు, రెండు పక్కలా గట్టి మార్జిన్ ఉంటే రోజుకు 2,000 కార్లకు సమానమైన బండ్లను మోస్తుంది. ఐదున్నర మీటర్లయితే 6,000. ఏడు మీటర్ల డబుల్ రోడ్డయితే 15,000. మార్జిన్లు బాగోకపోతే ఈ అంకెలు తగ్గించుకోవాలి. మన నల్లరేగడిలో వానాకాలం మార్జిన్ మీద కాలు పెడితే చెప్పు ఊడిపోతుంది, ఇక లారీ చక్రం సంగతి చెప్పేదేముంది?

ఇప్పుడు ఒక ఊరి రోడ్డు తీసుకుందాం. అంకెలు ఉదాహరణకే. మోటారు సైకిళ్లు 400, ఆటోలు 60, బస్సు రాకపోకలు 10, సైకిళ్లు 40. ఇవి ఏ కాలమైనా ఇంచుమించు ఇంతే, కార్ల లెక్కలో 310. ఆషాఢంలో వీటికి తోడు ట్రాక్టర్లు 20, ఎడ్లబండ్లు 5 తిరిగితే మొత్తం 440. కోతల కాలంలో ట్రాక్టర్లు 120, బండ్లు 15 అయితే మొత్తం 970. కొత్తగా వచ్చే కంపెనీ గోడౌన్‌కు లారీలు 200 సార్లు, చిన్న వ్యాన్లు 200 సార్లు, పనివాళ్ల మోటారు సైకిళ్లు 400 సార్లు తిరుగుతాయనుకుంటే, వ్యానుకు కారున్నర చొప్పున మొత్తం 1,100.

ఆషాఢం లెక్కలో 440కి 1,100 కలిపితే 1,540. "రోడ్డు సరిపోతుంది" అని రిపోర్టు రాసేయొచ్చు. కోతల లెక్కలో 970కి 1,100 కలిపితే 2,070. రోడ్డు చాలదు. ఒకే రోడ్డు, ఒకే గోడౌన్. లెక్కపెట్టిన నెల మారితే జవాబు మారిపోయింది. రిపోర్టు రాసినవాళ్లు అబద్ధం రాయక్కర్లేదు. సరైన నెలలో రాకపోతే చాలు.

ఇక్కడే రైతుకు పనికొచ్చే నియమం ఒకటుంది. ఊళ్ల రోడ్ల మీద బండ్లు ఎలా లెక్కపెట్టాలో చెప్పే ఐఆర్‌సీ-9 అన్న పుస్తకం 1972లోనే వచ్చింది. ఏడాదికి కనీసం రెండుసార్లు, ప్రతిసారీ వరసగా ఏడు రోజులు, రాత్రింబవళ్లు లెక్కపెట్టమంది. ఒకసారి పంటకోత, అమ్మకాల కాలంలో. ఇంకొకసారి పనుల్లేని కాలంలో. తిరునాళ్ల లాంటి రోజులు వదిలేయమని కూడా చెప్పింది. మన దగ్గర మిర్చి కాలంలోనే శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కదులుతాయి, ఆ రోజుల లెక్క పనికిరాదు. కంపెనీ మనుషులు రిపోర్టు తెస్తే "ఏ నెలలో లెక్కపెట్టారు, ఎన్ని రోజులు?" అన్న ఒక్క ప్రశ్న చాలు, దాని బలమెంతో తెలిసిపోతుంది.

ఇక బరువు. ఇక్కడ కథ తిరగబడుతుంది. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి తిప్పి చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు దెబ్బ రెట్టింపు కాదు, పదహారు రెట్లని తేలింది. నేటికీ రోడ్ల మందం లెక్కలకు ఆధారం అదే. మన దేశంలో నాలుగు టైర్ల వెనక ఇరుసు మీద 10.2 టన్నుల దాకా ఉన్న పరిమితిని 2018లో 11.5 టన్నులకు పెంచారు. ట్రాక్టరు ట్రక్కు ఇరుసు మీద 4 టన్నులు పడుతుందనుకుంటే, లారీ ఇరుసు దానికి మూడు రెట్లు కూడా బరువు లేదు. కానీ రోడ్డుకు దెబ్బ మాత్రం 68 రెట్లు. చోటు లెక్కలో ట్రాక్టరు లారీ కంటే పెద్దది. బరువు లెక్కలో ఒక్క లోడు లారీ ఇరుసు 68 ట్రక్కులకు జవాబు చెబుతుంది. "ఈ రోడ్డును పాడుచేసేది మీ ట్రాక్టర్లే" అని ఎవరైనా అంటే ఈ అంకె గుర్తుపెట్టుకోండి. అయితే ఇది లోడు లారీకే, ఖాళీగా తిరిగిపోయే లారీ చేసే నష్టం స్వల్పం. అందుకే లెక్కపెట్టేటప్పుడు లోడు, ఖాళీ విడిగా రాసుకోవాలి.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లు 2000 సంవత్సరం నుంచి చాలా ఊళ్లకు వచ్చాయి. అవి ఊరికి తగిన బండ్ల లెక్క వేసి, ఆ మేరకే మందం పెట్టి వేసినవి. వాటి మీదికి రోజూ వంద లోడు లారీలు ఎక్కితే గుత్తేదారును తిట్టి లాభం లేదు. ముందు పోయేది తారు కూడా కాదు, కాలవల మీది పాత తూములు, కల్వర్టులు. తూము కుంగి నీరు నిలిస్తే కింద పొలాలకు నీరందదు.

ఎదురుబొదురు వస్తే

లారీ వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. ట్రాక్టరు ట్రక్కు 2 మీటర్లనుకుంటే రెండూ కలిపి 4.6. రోడ్డు 3.75. ఎవరో ఒకరు మార్జిన్‌లోకి దిగాలి. ఎవరు దిగుతారో చెప్పక్కర్లేదు. కాయ లోడుతో ఉన్న ట్రక్కు ఒక చక్రం దిగితే ఒరుగుతుంది. కాబట్టి సింగిల్ రోడ్డు మీద గోడౌన్ అంటే రోడ్డు వెడల్పు చేయడమో, కంటికి కనిపించేంత దూరంలో తప్పుకునే చోట్లు కట్టడమో మొదటి షరతు. వెడల్పు చేయడమంటే ఎవరి స్థలంలో చేస్తారన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. రోడ్డు పోరంబోకు ఎంతుందో గ్రామ పటంలో ఉంటుంది. అది చూడకుండా సరేనంటే, రోడ్డు వార అరెకరం ఉన్నవాడి గట్టు కరిగిపోతుంది. పొలాలకు పోయే డొంకను లారీలకు వాడుకుంటామంటే మరీ జాగ్రత్త. వానాకాలం ఒక్కటి లారీలు తిరిగితే ఆ డొంకలో ఎడ్లు కూడా నడవవు.

తర్వాత బారులు. ధాన్యం కొనుగోళ్లప్పుడు మిల్లుల ముందు, గోడౌన్ల ముందు లారీలు రోజుల తరబడి నిలవడం చూస్తూనే ఉన్నాం. ఇందులో మాయేమీ లేదు, చిన్న లెక్క. దించే చోట్లు రెండు, ఒక లారీ దించడానికి ముఠాకు రెండు గంటలు, రోజుకు పది గంటల పని. అంటే రోజుకు పది లారీలే దిగుతాయి. వచ్చేవి పద్దెనిమిదైతే మొదటి రోజు 8 మిగులుతాయి, రెండో రోజుకు 16, మూడో రోజుకు 24. లారీకీ లారీకీ మధ్య సందుతో కలిపి 12 మీటర్లనుకుంటే 288 మీటర్ల బారు. ఆ బారు వెనక బడి ఉందా, ఆసుపత్రి దారి ఉందా, మీ పొలం మలుపు ఉందా చూసుకోండి. రాత్రిపూట లైట్లు ఆర్పి నిలబెట్టిన లారీని యార్డుకు పోయే ట్రాక్టరు గుద్దుకోవడం మన జిల్లాల్లో ఎరుగనిది కాదు.

దీనికి మందు గోడౌన్ ప్రహరీ లోపలే ఉంది. మూడు రోజుల మిగులు లారీలు నిలవడానికి లోపలే స్థలం వదలాలి. కాటా గేటు దగ్గర కాకుండా బాగా లోపలికి పెట్టాలి, లేకపోతే తూకానికి వచ్చిన రెండో లారీ రోడ్డు మీదే ఆగుతుంది. గేటు రోడ్డు అంచునే కాకుండా లారీ పొడవంత వెనక్కి జరగాలి. బడి వదిలే వేళ, కూలీల ఆటోలు తిరిగే వేళ లారీలు రాకుండా గంటలు నిర్ణయించాలి. వీటికి కంపెనీకి పెద్ద ఖర్చేమీ కాదు, ప్లాను గీసేటప్పుడే అడిగితే. గోడ కట్టాక అడిగితే ఎవరూ వినరు.

ఎవరిని అడగాలి?

ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోండి. పంచాయతీరాజ్ ఇంజినీర్లదా, ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారా? జాతీయ రహదారి మీదికి గేటు పెట్టాలంటే రహదారి అధికారుల అనుమతి తప్పనిసరి. భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చామన్న కాగితం చూపించి అన్నీ అయిపోయాయంటారు. ఆ కాగితం భూమి వాడకానికే గాని రోడ్డుకు కాదు.

20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు అయిదెకరాల నిర్మాణ విస్తీర్ణం దాటే భవనాలను 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో చేర్చారు. కొన్ని రకాల షెడ్ల విషయంలో మినహాయింపులు మారుతూ వచ్చాయి కాబట్టి మీ ఊరి గోడౌన్‌కు అది వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి. వర్తించినా భవనాల తరగతికి ప్రజాభిప్రాయ సేకరణ లేదు. ఫ్యాక్టరీలకు జరిగినట్టు కలెక్టరు వచ్చి సభ పెడతారని ఎదురుచూస్తే సమయం దాటిపోతుంది. మీ మాట చెప్పే చోటు పంచాయతీ, గ్రామసభ. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే ప్లాను అక్కడికీ పోతుంది, దరఖాస్తు అక్కడా ఇవ్వాలి.

ప్లాను కాపీ, లారీల లెక్క ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం కింద 30 రోజుల్లో జవాబివ్వాలి. మన దగ్గర నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలుగా పెట్టారు.

ఇదంతా చదివి గోడౌన్ అంటేనే వద్దనుకోవడం తొందరపాటు. పంట చేతికొచ్చిన వారానికే అయినకాడికి అమ్ముకునే చిన్న రైతుకు దగ్గర్లో గోడౌన్ ఉంటే ఊరట. 2007 గిడ్డంగుల చట్టం కింద నమోదైన గోడౌన్ అయితే రసీదు మీద బ్యాంకు అప్పు పుడుతుంది. కిసాన్ క్రెడిట్ కార్డున్న చిన్న, సన్నకారు రైతులకు ఆ అప్పుపై కోత తర్వాత ఆరు నెలల దాకా వడ్డీ రాయితీ కూడా ఇస్తూ వచ్చారు. కాబట్టి రాబోయేది అలాంటి గోడౌనా, ఊరి సరుకుకు అందులో చోటుంటుందా అన్నదీ ఆ దరఖాస్తులోనే అడగండి. ఊరి రోడ్డు వాడుకుంటూ ఊరి టిక్కీ ఒక్కటీ పెట్టుకోని గోడౌన్‌కూ, దీనికీ చాలా తేడా.

లెక్క మీరే పెట్టుకోవచ్చు

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. పదో తరగతి చదివిన పిల్లలు నలుగురు, రెండు నోటు పుస్తకాలు చాలు. ఒక జట్టు గోడౌన్ రాబోయే చోట, ఇంకొకటి ఊరి రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోట కూర్చోవాలి. గంటకో పేజీ. పేజీలో గళ్లు: మోటారు సైకిలు, ఆటో, కారు, ట్రాక్టరు, ట్రక్కుతో ట్రాక్టరు, లారీ లోడు, లారీ ఖాళీ, బస్సు, ఎడ్లబండి, సైకిలు. పశువుల మంద దాటితే దానికీ ఒక గీత, పక్కన టైము. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం, పాల లెక్క రాసినట్టే. ఏడు రోజులూ రాత్రింబవళ్లు కుదరకపోతే కనీసం మూడు రోజులు, తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి పది దాకా చూడాలి. అందులో ఒక రోజు సంత రోజు ఉండేలా చూసుకుంటే మంచిది.

మిర్చి, పత్తి ఊళ్లలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒకసారి, వరి ఊళ్లలో కోతలు నడిచే వారంలో ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ ఆషాఢంలో ఇంకోసారి చూడాలి. ప్రతి పేజీ కింద తేదీ వేసి, ఆ రోజు కూర్చున్నవాళ్లు సంతకం చేయాలి. జెరాక్సు తీసి ఒక ప్రతి దరఖాస్తుతో పాటు పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని ఊళ్లోనే ఉంచుకోండి. గోడౌన్ తెరిచిన ఆర్నెల్లకు అదే చోట, అవే గళ్లతో మళ్లీ లెక్కపెట్టినప్పుడు పోల్చుకోవడానికి ఆ ప్రతే కావాలి.